లేబుళ్లు లేకుండా నేల మీది లక్ష్యాన్ని కనిపెట్టడం ఎలా?

"లేబుళ్లు ఆపేసి మూడు వేల మీటర్ల ఎత్తులో అరగంట తిరిగాను. చెట్లు, పొలాలు, రోడ్లు తప్ప ఏమీ కనిపించలేదు. లోపం నా మానిటర్‌లోనా, నా కళ్లలోనా?" యుద్ధవిమానాల సిమ్యులేటర్ మొదలుపెట్టిన ప్రతివారూ ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. లేబుళ్లంటే ప్రతి బండి మీదా దాని వివరాలు చూపుతూ తేలే అక్షరాలు. విడివిడిగా జవాబు చెప్పే బదులు ఒకేచోట రాస్తున్నాను. లోపం సాధారణంగా రెండింటిలోనూ ఉండదు. మీరు ట్యాంకును వెతుకుతున్నారు, అదే ఇబ్బంది. ట్యాంకు ఉండగలిగే చోటును వెతకాలి, ఆ చోట ఉండకూడనిది ఏముందో చూడాలి.

ఇక్కడ ఉదాహరణలన్నీ డీసీఎస్ వరల్డ్ అనే సిమ్యులేటర్ నుంచి, అందులోనూ కాకసస్ మ్యాప్ నుంచి తీసుకున్నాను. రెండూ ఉచితం కాబట్టి ఎవరైనా ఈరోజే ప్రయత్నించవచ్చు. సాయం లేకుండా అంటే నా లెక్కలో ఇవి: లేబుళ్లు ఉండవు, ఎఫ్10 నొక్కితే వచ్చే మ్యాప్‌లో శత్రువుల గుర్తులు ఉండవు, విమానం బయటి నుంచి చూసే కెమెరాలు ఉండవు, టార్గెటింగ్ పాడ్ (విమానానికి తగిలించే, దూరపు లక్ష్యాన్ని పెద్దగా చూపే కెమెరా) ఉండదు. జూమ్ మాత్రం ఉంటుంది. జూమ్ కూడా మోసమేనని వాదించేవారికి జవాబు కింద లెక్కలో ఉంది.

కావలసినవి

- సుఖోయ్-25టీ విమానం. డీసీఎస్‌తో ఉచితంగా వస్తుంది. దాడి అవసరం లేదు, వెతకడం నేర్చుకుంటే చాలు అనుకుంటే, ఆయుధాలు లేని టీఎఫ్-51డీ కూడా ఉచితమే.
- తల తిప్పితే కాక్‌పిట్‌లో చూపు తిరిగే ఏర్పాటు. దీనికోసం ట్రాక్‌ఐఆర్ అనే పరికరం కొనాల్సిన పని లేదు. ఓపెన్‌ట్రాక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మామూలు వెబ్‌క్యామ్‌తో పనిచేస్తుంది. అదీ లేకపోతే జాయ్‌స్టిక్ మీద బొటనవేలితో కదిపే హ్యాట్ స్విచ్‌తో నెట్టుకురావచ్చు, కొంచెం నెమ్మదిగా సాగుతుంది.
- జూమ్‌ను కీబోర్డు మీద కాకుండా థ్రాటిల్ (ఇంజిన్ శక్తిని మార్చే పిడి) మీది ఏదైనా చక్రానికో స్లైడర్‌కో కేటాయించుకోండి. వెతుకుతున్నంతసేపూ ఇది చేతి కింద ఉండాలి.
- కాగితం, పెన్సిల్. నవ్వకండి, చివరి అడుగులో ఇవి లేకపోతే మీరు నేర్చుకున్నదేమీ లేనట్టే.

4కే మానిటర్ ఉంటే మంచిదే. లేదని ఆగిపోవలసిన పని లేదు.

ఒక్క చిన్న లెక్క

సిద్ధాంతం ఇంతకు మించి చెప్పను. టీ-72 ట్యాంకు, ఫిరంగి గొట్టాన్ని వదిలేస్తే, దాదాపు 7 మీటర్ల పొడవు. అది మీకు 5 కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. 1920 పిక్సెళ్ల వెడల్పున్న తెర మీద 80 డిగ్రీల దృశ్యం చూస్తున్నప్పుడు ఆ ట్యాంకుకు దక్కేది ఒకటిన్నర పిక్సెల్. జూమ్ చేసి దృశ్యాన్ని 25 డిగ్రీలకు కుదిస్తే ఆరు పిక్సెళ్లు. ఒకటిన్నర పిక్సెల్‌ను చూసి ట్యాంకా రాయా అని తేల్చడం ఎవరి వల్లా కాదు. ఆరు పిక్సెళ్లయితే కనీసం అనుమానించవచ్చు.

జూమ్ మోసం ఎందుకు కాదో ఇందులోనే ఉంది. 24 అంగుళాల మానిటర్‌ను 60 సెంటీమీటర్ల దూరం నుంచి చూస్తుంటే అది మీ చూపులో దాదాపు 48 డిగ్రీల మేర ఆక్రమిస్తుంది. అందులో 80 డిగ్రీల ప్రపంచాన్ని ఇరికిస్తే ప్రతి వస్తువూ అసలు పరిమాణంలో సగానికి తగ్గిపోతుంది. నిజమైన పైలట్‌కు కనిపించేంతైనా మీకు కనిపించాలంటే జూమ్ చేయక తప్పదు.

1. తెరను సరిచేసుకోండి

గేమ్‌ను మానిటర్ అసలు రిజల్యూషన్‌లోనే నడపండి. మోషన్ బ్లర్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్, లెన్స్ ఎఫెక్టులు ఆపేయండి. యానిసోట్రోపిక్ ఫిల్టరింగ్‌ను 16కు పెంచండి, దూరపు నేల మసకబారదు.

అసలు చిక్కు యాంటీ ఎలియాసింగ్‌తో, అంటే అంచుల్లోని మెట్లను చదును చేసే సెట్టింగ్‌తో. 2023 అక్టోబరులో వచ్చిన 2.9 వెర్షన్ నుంచి డీసీఎస్‌లో డీఎల్ఎస్ఎస్, టీఏఏ లాంటివి ఉన్నాయి. కదిలే అంచులను నునుపు చేయడం వాటి పని. రెండు పిక్సెళ్ల ట్రక్కు కూడా వాటి దృష్టిలో చదును చేయవలసిన గరుకే. వాటి బదులు ఎమ్ఎస్ఏఏ అనే పాత పద్ధతిని 2 లేదా 4 పెట్టుకుంటే చిన్న వస్తువులు గట్టిగా నిలబడతాయి, కానీ గ్రాఫిక్స్ కార్డు మీద బరువు పెరుగుతుంది. మీ కంప్యూటర్‌లో ఏది నయమో ఎవరో చెప్పింది నమ్మకుండా మీరే తేల్చుకోండి: రన్‌వేకు రెండు కిలోమీటర్ల అవతల బయలు నేలలో ఒక ట్రక్కును పెట్టండి, రన్‌వే మీద విమానం ఆపి, ఒక్కో సెట్టింగ్ మార్చి అదే ట్రక్కును చూడండి. తల కొంచెం కదుపుతూ చూడండి, ఎందుకంటే కదిలినప్పుడే తేడా తెలుస్తుంది.

గామా, అంటే తెర వెలుగును సర్దే సెట్టింగ్, విషయంలో ఒకటే పరీక్ష. మిట్టమధ్యాహ్నం మిషన్‌లో చెట్ల నీడ కింద నేల రంగు కనిపించాలి. నీడంతా కారునలుపుగా ఉంటే గామా పెంచండి.

హెచ్చరిక: రిజల్యూషన్ తగ్గిస్తే దూరంలోని చుక్కలు పెద్దగా కనిపిస్తాయని ఒక చిట్కా ప్రచారంలో ఉంది. చుక్క పెద్దదవుతుంది, ట్యాంకు కాదు. అక్కడ ఏదో ఉందని తెలుస్తుంది, అదేమిటో ఎప్పటికీ తెలియదు.

2. జవాబు తెలిసిన మిషన్ ఒకటి తయారు చేసుకోండి

చాలామంది నేరుగా పెద్ద మిషన్‌లోకి వెళ్లి, ఏమీ కనిపించక విసిగిపోతారు. ట్యాంకు పై నుంచి ఎలా ఉంటుందో ఎప్పుడూ తీరిగ్గా చూడనివారికి అది ఎదురుగా ఉన్నా తెలియదు.

మిషన్ ఎడిటర్ తెరిచి జార్జియాలోని సెనాకి, కుతాయిసి పట్టణాల మధ్య ప్రాంతాన్ని తీసుకోండి. బయలు పొలాలు, చెట్ల వరుసలు, రియోనీ నది, దాని మీద వంతెనలు, ఊళ్లు అన్నీ దగ్గర దగ్గరగా దొరుకుతాయి. వేసవి కాలం, ఉదయం ఎనిమిది తొమ్మిది గంటల సమయం, మేఘాలు లేని ఆకాశం పెట్టండి. నాలుగు గుంపులు చాలు: రోడ్డు మీద కదిలే ఆరు ట్రక్కులు, బయలు పొలంలో మూడు టీ-72లు, చెట్ల వరుసను ఆనుకుని రెండు బీటీఆర్-80లు (సైనికులను మోసే చక్రాల కవచ వాహనాలు), వంతెన దగ్గర విమానాలను కాల్చే ఒక జడ్‌యూ-23 తుపాకి. మొదటిసారి తుపాకికి కాల్పులు జరపవద్దని ఆదేశం ఇవ్వండి.

ఇప్పుడు ఎగరండి. ఎక్కడేముందో మీకు తెలుసు, కాబట్టి ఇది పరీక్ష కాదు, పరిచయం. ఒక్కో గుంపును 6, 4, 2 కిలోమీటర్ల దూరం నుంచి జూమ్‌తోనూ జూమ్ లేకుండానూ చూడండి. టీ-72 పచ్చిక మీద ముదురు ఆకుపచ్చ ముద్దలా ఉంటుంది, కిందికి వచ్చేకొద్దీ వెడల్పు తెలుస్తుంది. ట్రక్కు పొడవుగా, సన్నగా, పైభాగం కాస్త లేత రంగులో కనిపిస్తుంది. చెట్ల పక్కన పెట్టిన బీటీఆర్‌లు 4 కిలోమీటర్ల నుంచి మీకు కనిపించవు. కనిపించనివి ఎలా ఉంటాయో తెలుసుకోవడం కూడా ఈ ప్రయాణంలో పనే.

ఇది చేతికి వచ్చాక స్నేహితుడి చేత గుంపుల చోటు మార్పించండి. ఎవరూ లేకపోతే డీసీఎస్‌లోని ఫాస్ట్ మిషన్ సౌకర్యంతో తయారైన మిషన్ వాడండి.

3. ఎగిరే ముందే చోట్లను ఎంచుకోండి

మ్యాప్ ముందు పెట్టుకుని మిమ్మల్ని మీరు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ ప్రాంతంలో బండి ఎక్కడ ఆగుతుంది? బండి నడవాలంటే రోడ్డు కావాలి. నది దాటాలంటే వంతెన కావాలి. దాక్కోవాలంటే చెట్లు కావాలి. కాపలా కాయాలంటే గుట్టో కూడలో కావాలి. మిషన్ తయారు చేసేవారూ మనుషులే. బండ్లను కూడళ్ల దగ్గర, వంతెనల చివర, ఊరి అంచున, ఎయిర్‌ఫీల్డ్ చుట్టూ పెట్టడం వారికి అలవాటు. నడి అడవిలో పెట్టేవారు అరుదు.

అలాంటి చోట్లు ఐదారు రాసుకోండి. ప్రతిదానికీ పై నుంచి తప్పక కనిపించే ఒక గుర్తును జత చేయండి: నది వంపు, రైలు మార్గం, రన్‌వే. వెతకాల్సిన వంద చదరపు కిలోమీటర్లు ఇప్పుడు ఐదారు గుడ్డ ముక్కలంత అయ్యాయి.

4. ఎత్తు, వేగం, వలయం

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చెబుతాను.

విమానం ఎత్తు వేరు, లక్ష్యానికి మీ కంటికి మధ్య ఉన్న ఏటవాలు దూరం వేరు. 3 కిలోమీటర్ల ఎత్తులో ఉండి, 4 కిలోమీటర్ల ముందున్న చోటును చూస్తుంటే ఆ దూరం 5 కిలోమీటర్లు. పైన లెక్కలో ఒకటిన్నర పిక్సెల్ వచ్చింది సరిగ్గా ఈ దూరానికే. ఎత్తును 1500 మీటర్లకు దించి, 2 కిలోమీటర్ల ముందు చూస్తే దూరం రెండున్నర కిలోమీటర్లు, ట్యాంకు రెండింతలు పెద్దది.

అలాగని నేలను రాసుకుంటూ ఎగిరితే మరో చిక్కు. 300 మీటర్ల ఎత్తు నుంచి 3 కిలోమీటర్ల అవతల ఉన్న పది మీటర్ల చెట్ల వరుసను చూస్తే, దాని వెనుక వంద మీటర్ల నేల మీకు కనిపించదు. 1500 మీటర్ల ఎత్తు నుంచి 2.2 కిలోమీటర్ల అవతలికి చూస్తే అదే చెట్ల వరుస దాచేది పదిహేను మీటర్లే. కిందికి దిగేకొద్దీ బండ్లు పెద్దవవుతాయి, కానీ చెట్ల చాటుకు వెళ్తాయి.

నేను సూచించేది ఇది: నేల నుంచి 1500 మీటర్ల ఎత్తు, గంటకు 400 కిలోమీటర్ల వేగం, ఎడమ వైపు 30 డిగ్రీల వాలు. ఇలా తిరిగితే విమానం దాదాపు 2.2 కిలోమీటర్ల వ్యాసార్ధంతో వలయం గీస్తుంది, ఒక చుట్టుకు రెండు నిమిషాలు పడుతుంది. మీరు ఎంచుకున్న చోటు వలయం మధ్యలో ఉంటే అది ఎడమ రెక్క కొన చూపే దిశకు కొద్దిగా కిందుగా, రెండు నిమిషాలూ అక్కడే నిలబడి ఉంటుంది. సుఖోయ్-25టీలో కాక్‌పిట్ రెక్కల కన్నా బాగా ముందు ఉంటుంది కాబట్టి పక్కకు చూపు అడ్డు లేకుండా సాగుతుంది. కాక్‌పిట్ అంచు అడ్డం వస్తే వాలును కాసేపు 40 డిగ్రీలకు పెంచండి. ఎత్తును సముద్రమట్టం నుంచి కాకుండా నేల నుంచి లెక్కించడం మరవకండి. కుతాయిసి నుంచి ఉత్తరానికి వెళ్తే కొండలు త్వరగా లేస్తాయి.

హెచ్చరిక: ఈ ఎత్తు జడ్‌యూ-23ల నుంచి, షిల్కాల (విమానాలను కాల్చే తుపాకులున్న కవచ వాహనాలు) నుంచి మిమ్మల్ని అంచున మాత్రమే కాపాడుతుంది. వాటి తుపాకులు రెండున్నర కిలోమీటర్ల వరకు అందుకుంటాయి. స్ట్రెలా-10, ఇగ్లా లాంటి క్షిపణులు ఉంటే ఈ వలయం ఆత్మహత్యే. అప్పుడు 4000 మీటర్ల పైన ఉండి, రోడ్లు, పొగ, ధూళి లాంటి పెద్ద ఆనవాళ్లు మాత్రమే వెతకండి. నిజమైన యుద్ధాల్లోనూ ఈ బేరం తప్పలేదు. 1999లో కొసావోలో నాటో విమానాలు మొదట్లో 15,000 అడుగుల కిందికి దిగకుండా ఎగిరాయి. విమానాలు క్షేమంగానే ఉన్నాయి, కానీ సెర్బ్ సైన్యం నేల మీద పెట్టిన డమ్మీ ట్యాంకుల మీద కూడా బాంబులు పడ్డాయి.

5. సూర్యుడిని పక్కన పెట్టుకోండి

సూర్యుడు మీ వెనుక ఉంటే రంగులు బాగా తెలుస్తాయి, కానీ బండి నీడ బండి వెనుకే దాక్కుంటుంది. ఎదురుగా ఉంటే పొగమంచు వెలుగుకు కళ్లు చెదురుతాయి. పక్క నుంచి వెలుగు పడేలా చూసినప్పుడు నీడ విడిగా కనిపిస్తుంది. పచ్చటి ట్యాంకు పచ్చిక మీద కలిసిపోవచ్చు గాని దాని నల్లటి నీడ కలవదు. వలయంగా తిరగడంలో ఇదొక లాభం: ఒక చుట్టులో సూర్యుడు అన్ని వైపుల నుంచీ వస్తాడు. మొదటి చుట్టులో ఏ దిక్కు నుంచి నేల స్పష్టంగా ఉందో గమనించి, రెండో చుట్టులో ఆ దిక్కున ఎక్కువసేపు చూడండి.

6. చూపును ఆపి చూడండి

కన్ను ఒక చోటి నుంచి మరో చోటికి దూకుతున్నప్పుడు మధ్యలో ఏమీ చూడదు. హెడ్ ట్రాకర్‌తో తల గబగబా తిప్పితే తెర మొత్తం జారిపోతుంది, ఇక చూడడానికి మిగిలేది ఏముంటుంది? చూస్తున్నామన్న తృప్తి తప్ప.

ఎంచుకున్న చోటును ముక్కలు చేయండి. వంతెన నుంచి కూడలి వరకు ఒక ముక్క, కూడలి నుంచి ఊరి మొదటి ఇంటి వరకు ఇంకొకటి. ప్రతి ముక్క మీద చూపును రెండు సెకన్లు కదలకుండా నిలపండి. తర్వాత పక్క ముక్కకు వెళ్లండి, మీ దగ్గర నుంచి దూరానికి. మొదటి చుట్టు జూమ్ లేకుండా, అనుమానం ఉన్న చోట్లు మాత్రమే మనసులో పెట్టుకుంటూ. రెండో చుట్టులో ఆ చోట్ల మీదికి మాత్రమే జూమ్. కదలికను పట్టడంలో కంటి చివరి చూపు దిట్ట. అందుకే విశాలమైన దృశ్యంలో చూపు నిలిపినప్పుడు, పక్కన కదిలే ట్రక్కు తనంతట తానే మీ దృష్టిని లాగుతుంది.

7. ఏం వెతకాలి?

బండి ఆకారం కాదు. ఆకారం చివర్లో వస్తుంది. వెతకాల్సినవి, నా అనుభవంలో తేలికైన వాటి నుంచి కష్టమైన వాటి వరకు:

ధూళి. మట్టి రోడ్డు మీద కదిలే కాన్వాయ్ వెనుక లేచే ధూళి బండి కన్నా ఎన్నో రెట్లు పెద్దది. తెల్లటి గీతలా కనిపిస్తుంది. బండి ఆ గీతకు మొదట్లో ఉంటుంది, మధ్యలో కాదు.

పొగ, మంట, ట్రేసర్లు (వెలుగుతూ దూసుకొచ్చే తూటాలు). పోరు జరుగుతున్న చోట వెతకనక్కరలేదు, అదే పిలుస్తుంది. కాలిపోతున్న బండి పొగ చాలాసేపు ఉంటుంది, మళ్లీ మళ్లీ దారి చూపే దీపంలా వాడుకోండి. మీ మీదికి ట్రేసర్లు వస్తే ముందు తప్పించుకోండి. తప్పించుకుంటూనే అవి ఎక్కడి నుంచి మొదలయ్యాయో ఒక్క చూపు చూసి, పక్కనున్న గుర్తుతో ముడిపెట్టండి.

సమానమైన ఎడం. ప్రకృతిలో ఏదీ సమాన దూరంలో పేర్చి ఉండదు. రోడ్డు మీద ఒకే ఎడంతో నాలుగు చుక్కలుంటే అది కాన్వాయ్. పొలంలో వరుసగానో అర్ధచంద్రంగానో ఉన్న చుక్కలు ఫిరంగులు కావచ్చు. 1962లో క్యూబా మీద అమెరికా నిఘా విమానాలు యూ-2లు తీసిన ఫొటోల్లో, విమానాలను కూల్చే ఎస్-75 క్షిపణుల స్థావరాలను విశ్లేషకులు పోల్చుకున్నది ఈ పద్ధతిలోనే. మధ్యలో రాడార్, చుట్టూ ఆరు లాంచర్లు, వాటిని కలిపే దారులు. విడివిడిగా ఒక్కో లాంచర్‌ను చూస్తే ఏమిటో తెలియదు, ఆరూ కలిసి చూస్తే దాచడం కుదరదు. డీసీఎస్‌లోనూ క్షిపణి స్థావరాలను ఎక్కువగా రాడార్ చుట్టూనే పేరుస్తారు. ఒక లాంచర్ కనిపిస్తే వలయం మిగతా భాగాన్ని ఊహించి అక్కడ చూడండి.

జాడలు. 1971 డిసెంబరు 5 ఉదయం రాజస్థాన్ ఎడారిలోని లోంగేవాలా దగ్గర పాకిస్తాన్ ట్యాంకుల మీదికి జైసల్మేర్ నుంచి భారత వైమానిక దళ హంటర్ విమానాలు వెళ్లాయి. తప్పించుకోవడానికి ట్యాంకులు గిరగిరా తిరిగిన జాడలు ఇసుక మీద గీతలుగా పడ్డ ఫొటోలు ఇప్పటికీ ప్రసిద్ధం. ఎడారిలో ట్యాంకు దాక్కున్నా దాని దారి దాగదు. సిమ్యులేటర్లన్నీ ఈ జాడలను చూపవు. చూపేవాటిలో మంచు, ఇసుక మ్యాప్‌ల మీద వీటిని తప్పక వాడుకోండి.

మార్పు. ఇది అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా విలువైనది. వియత్నాం యుద్ధంలో 1967 నుంచి మిస్టీ అనే పేరుతో ఎగిరిన ఎఫ్-100ఎఫ్ రెండు సీట్ల విమానాల పని శత్రువుల లారీలను, తుపాకులను కనిపెట్టి దాడి విమానాలకు చూపడం. వెనుక సీటులోని పైలట్ మ్యాపులు, కెమెరా పట్టుకుని కూర్చునేవాడు. ఒకే ప్రాంతం మీద పదేపదే ఎగరడం వల్ల నిన్న లేనిది ఈరోజు ఉంటే వారికి తట్టేది. మీరూ ప్రతిసారీ కొత్త మ్యాప్‌కు పరుగెత్తకుండా ఒకే లోయ మీద పది మిషన్లు ఆడి చూడండి. పొలం మధ్య ఆ పొద ఇంతకు ముందు లేదే అని అనిపించే రోజు వస్తుంది.

నమ్మకూడనివి కూడా ఉన్నాయి. రోడ్డు పక్క పొదలు, రాళ్లు, ఇంటి పక్క షెడ్లు మొదట్లో అన్నీ ట్యాంకుల్లాగే ఉంటాయి. సివిల్ ట్రాఫిక్ ఆన్‌లో ఉంటే రోడ్ల మీద మామూలు కార్లు, బస్సులు తిరుగుతాయి. సాధన మొదట్లో దాన్ని ఆపేయండి. తర్వాత ఆన్ చేయండి, ఎందుకంటే కారునూ సైనిక ట్రక్కునూ వేరు చేయడం విడిగా నేర్చుకోవలసిన విద్య.

8. దొరికాక పోగొట్టుకోకండి

కష్టపడి కనిపెట్టిన ట్యాంకును దాడికి తిరిగే మలుపులో పోగొట్టుకునేవారే ఎక్కువ. కారణం ఒకటే: ట్యాంకును గుర్తుపెట్టుకున్నారు, దాని చుట్టుపక్కలను గుర్తుపెట్టుకోలేదు. మలుపు తిరిగాక దిక్కు మారుతుంది, వెలుగు మారుతుంది, ట్యాంకు మళ్లీ ఒకటిన్నర పిక్సెల్ అవుతుంది.

దొరకగానే జూమ్ తీసేసి, పెద్దదాని నుంచి చిన్నదానికి దారి కట్టుకోండి. ఇద్దరు కలిసి ఆడుతున్నప్పుడు ఒకరికొకరు చూపించుకునేదీ ఇలాగే. ఒక నమూనా, ముందుగా కనిపెట్టిన తమ్ముడు అన్నకు చూపిస్తున్నాడు:

"నది కనిపిస్తోందా అన్నా?"

"కనిపిస్తోంది."

"దాని మీద రెండు వంతెనలున్నాయి. తూర్పుది చూడండి. రెండు వంతెనల మధ్య దూరాన్ని ఒక కొలత అనుకోండి."

"సరే, అనుకున్నాను."

"తూర్పు వంతెన నుంచి ఉత్తరానికి సగం కొలత వెళ్తే రోడ్డు చీలుతుంది. అక్కడేముంది?"

"ఎర్ర కప్పు ఇల్లు ఒకటి."

"దాని వెనుక చెట్ల వరుస. ఆ వరుస పడమటి చివర రెండు ముదురు ముద్దలు."

"దొరికాయి. రెండోది కాస్త పొడవుగా ఉంది."

చూడండి, తమ్ముడు ఎక్కడా ట్యాంకు అనలేదు. అన్న "కనిపిస్తోంది" అన్నాకే తర్వాతి మాట చెప్పాడు. చివర్లో అన్న తాను చూసిన ఒక వివరం తిరిగి చెప్పాడు, ఇద్దరూ చూస్తున్నది ఒకటేనని తేలేది అక్కడే. "మూడు గంటల దిక్కున, చెట్ల దగ్గర" అని అరిస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, ఎందుకంటే మీ మూడు గంటలు, అంటే మీ కుడి వైపు, ఆయనకు తొమ్మిది గంటలు, అంటే ఎడమ వైపు కావచ్చు.

ఒంటరిగా ఆడుతున్నా ఇదే వరుసను మనసులో చెప్పుకోండి. దాడికి వచ్చేటప్పుడు నది, వంతెన, చీలిక, ఇల్లు, చెట్ల చివర. ట్యాంకు కనిపించకపోయినా ముక్కును చెట్ల చివరికి గురిపెట్టండి, దగ్గరికి వచ్చేసరికి అదే కనిపిస్తుంది.

9. సరిచూసుకోండి

కాగితం ఇప్పుడు తీయండి. లేబుళ్లు ఆన్ చేయడానికి ముందే రాయాలి: ఎన్ని బండ్లు, ఏ రకం, ఏ గుర్తుకు ఏ వైపు. రకం తెలియకపోతే "చక్రాల బండి" అనో "తెలియదు" అనో రాయండి. రాయకుండా లేబుళ్లు ఆన్ చేస్తే మనసు చాలా చమత్కారంగా "అవును, అది నేను చూశాను" అంటుంది.

తర్వాత గేమ్‌ను పాజ్ చేసి, ఎడమ షిఫ్ట్‌తో ఎఫ్10 నొక్కండి. లేబుళ్లు వస్తాయి. మూడు గడులు గీయండి: దొరికినవి, తప్పిపోయినవి, లేనివాటిని ఉన్నాయనుకున్నవి. మొదటి గడిని చూసి సంతోషించి వదిలేయకండి, మీరు నేర్చుకునేది మిగతా రెండింటి నుంచే. తప్పిపోయిన ప్రతి బండి దగ్గరా లేబుల్ తీసేసి, పాజ్‌లోనే అదే దృశ్యాన్ని తీరిగ్గా చూడండి. ఇప్పుడు కనిపిస్తోందా? కనిపిస్తే మీరు చూపు ఆపలేదు, ఆరో అడుగుకు వెళ్లండి. జూమ్ చేస్తేనే కనిపిస్తే దూరం ఎక్కువైంది, నాలుగో అడుగు. జూమ్ చేసినా కనిపించకపోతే చెట్టో గోడో అడ్డం ఉంది, తప్పు మీది కాదు, వేరే దిక్కు నుంచి ఒక చుట్టు తిరిగి ఉండాల్సింది.

మూడో గడిలో ఒకే రకం తప్పు మళ్లీ మళ్లీ వస్తుంటే, అంటే పొదలనే ట్యాంకులు అనుకుంటుంటే, రెండో అడుగులోని పరిచయ మిషన్‌కు మరోసారి వెళ్లాలి.

సుఖోయ్-25టీలో ఇంకో మార్గం ఉంది. కంటితో కనిపెట్టి రాసుకున్నాకే విమానంలోనే ఉన్న ష్క్వాల్ టీవీ కెమెరాను ఆన్ చేసి ఆ చోటును పెద్దగా చూడండి. సరిచూడడానికి అది గొప్ప సాధనం. వెతకడానికి వాడితే మాత్రం గొట్టంలోంచి ఊరిని చూసినట్టే.

మళ్లీ మళ్లీ కనిపించే తప్పులు

ఎప్పుడూ జూమ్‌లోనే ఉండడం. చుట్టూ ఏముందో తెలియదు, విమానం ముక్కు దించుతున్నదీ తెలియదు. ఐదు సెకన్ల కన్నా ఎక్కువ జూమ్‌లో ఉండకండి. ప్రతి జూమ్ తర్వాత ఒకసారి ఎత్తు, వేగం చూడండి.

ముక్కు కింద వెతకడం. లక్ష్యం వైపు నేరుగా ఎగిరితే, దగ్గరయ్యేకొద్దీ అది ముక్కు కిందికి పోతుంది. సరిగ్గా బాగా కనిపించాల్సిన దూరంలో మాయమవుతుంది. ఎప్పుడూ పక్కన పెట్టుకుని వెతకండి.

మొదట దొరికిన బండితోనే ఆగిపోవడం. ట్రక్కులు ఒంటరిగా తిరగవు. వాటి చుట్టూ తుపాకి ఎక్కడుందో కనిపెట్టాకే కిందికి దిగండి. మొదట దొరికేది సాధారణంగా ప్రమాదం లేనిదే.

వేగం. గంటకు 700 కిలోమీటర్ల వేగంతో వెళ్తే ఒక్కో ముక్కకు రెండు సెకన్లు ఇచ్చే తీరిక ఉండదు. తుపాకులు లేవని తెలిసిన చోట వేగం తగ్గించుకోవడానికి సిగ్గుపడకండి.

వేరే సిమ్యులేటర్లు, వీఆర్

రెండో ప్రపంచ యుద్ధపు విమానాల సిమ్యులేటర్ ఇల్-2 గ్రేట్ బ్యాటిల్స్‌లో టార్గెటింగ్ పాడ్ అనే మాటే లేదు, కాబట్టి అక్కడ ఈ విద్యే ఏకైక మార్గం. మాస్కో, స్టాలిన్‌గ్రాడ్ శీతాకాలం మ్యాప్‌లతో మొదలుపెడితే మంచు మీద బండ్లు నల్లగా తేలిపోతాయి. రైలింజన్ పొగ అయితే చాలా దూరం నుంచే తెలుస్తుంది. అక్కడ అలవాటయ్యాక వేసవి మ్యాప్‌లకు వెళ్లండి. వార్ థండర్‌లో సిమ్యులేటర్ మోడ్ ఎంచుకోండి, మిగతా మోడ్‌లలో శత్రువుల మీద గుర్తులు పడతాయి.

తలకు తొడుక్కునే వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌లో దూరం, లోతు బాగా తెలుస్తాయి, కానీ డిగ్రీకి దక్కే పిక్సెళ్లు మంచి మానిటర్ మీద జూమ్ చేసిన దృశ్యంతో పోలిస్తే తక్కువ. వీఆర్ జూమ్ బటన్‌ను జాయ్‌స్టిక్ మీద పెట్టుకుని, నాలుగో అడుగులోని వలయాన్ని ఇంకో అర కిలోమీటరు చిన్నది చేయండి. వాలు 40 డిగ్రీలకు కాస్త తక్కువగా ఉంచితే సరిపోతుంది. తుపాకులున్న చోట మాత్రం ఈ మార్పు చేయకండి, చిన్న వలయం మిమ్మల్ని నేరుగా వాటి అందుబాటులోకి తీసుకెళ్తుంది.